మిరియాలతో కట్టిన కర్పూరం

భయమంటే ఏమిటో ఎరగని మనిషిని నేను. తొండియార్‌పేటలో ఎవరినైనా అడగండి, గోవిందస్వామి ఎట్లాంటివాడని. ఆ పెద్ద తుఫాను నాడు, సముద్రం కాశిమేడు వీధుల్లోకి వచ్చి గుమ్మం గుమ్మం దగ్గరా నిలబడి పలకరించిపోతున్నప్పుడు, లంగరు తెగిన ఓడ ఒకటి ఒడ్డు మీదికి దూసుకువస్తుంటే, మొలలోతు నీళ్ళలో నిలబడి దాని తాడు పట్టుకుని తెల్లవార్లూ వదలకుండా ఆపినవాణ్ణి. ఓడ కప్తాను ఎర్రగడ్డంవాడు, పైనుంచి టోపీ తీసి మరీ దండం పెట్టాడు. అట్లాంటి నేను ఇప్పుడు టీ కొట్టు ముందు బెంచీ చివర, పారిపోవడానికి వీలుగా ఒక కాలు బయటికి చాపుకుని కూర్చుని, రోడ్డుకు అవతల ఉన్న ఒక మామూలు ఇనుపగేటును చూస్తున్నాను. గేటు తెరిచే ఉంది. అదే నా ప్రాణానికి వచ్చింది. మూసి ఉంటే, అయ్యో మూసేశారే అని చుట్టుపక్కలవాళ్ళకు వినబడేట్టు అనుకుని ఇంటికి పోయేవాణ్ణి.

గేటు లోపల చర్చి, చర్చి వెనక పిల్లల బడి, ఆ బడిలో చివరి గది. సాయంత్రం ఆ గదిలో లైటు వెయ్యగానే తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారట, ఒకరి బాధ ఒకరికి చెప్పుకుంటారట, టీ తాగి ఎవరిళ్ళకు వాళ్ళు పోతారట. దానికి బోర్డు లేదు, అరుగు మీద మనిషి లేడు, ఫీజు లేదు. ఇంత చిన్న సంగతి తెలుసుకోవడానికి నాకు ఎండాకాలమంతా పట్టింది, ఎందుకంటే నేను అడిగింది నాకోసం కాదు, మా తమ్ముడి కొడుకు పెరుమాళ్ కోసం. పాపం పెరుమాళ్, చెట్టంత మనిషి, నోట్లో నాలుక లేనివాడు, సారాయి మరిగి పాడైపోయాడు. మందుల షాపులో కాంపౌండరును అడిగాను, క్షవరం చేయించుకుంటూ అడిగాను, ఇస్త్రీబండి దగ్గర మంగను అడిగాను. నాకు తమ్ముడు లేడు. మా అమ్మకు నేను ఒక్కణ్ణే, నన్ను చూశాక ఇంకొకణ్ణి కనే ధైర్యం చెయ్యలేదు. కానీ ఒకసారి నోట్లోంచి జారాక పెరుమాళ్ నన్ను వదిలిపెట్టలేదు. వయసెంత అని ఒకరడిగితే ముప్పై దాటాయన్నాను, పెళ్ళయిందా అని ఇంకొకరడిగితే నిశ్చయతాంబూలాలు పుచ్చుకున్నాక తప్పిపోయిందన్నాను, పిల్ల తిరువొత్తియూరు అని కూడా చెప్పాను, పెళ్ళివారు తిరిగిపోతుంటే వాడు వెనకాలే పరుగెత్తి వాళ్ళ గొడుగు వాళ్ళకు ఇచ్చి వచ్చాడని నేనే నమ్మేట్టు చెప్పాను. మంగ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, వాడి పేరున ఆడినెల జాతరలో అమ్మవారికి అంబలి పోయిస్తానని మొక్కుకుంది. నా పేరున ఇంతవరకూ ఎవరూ గుక్కెడు నీళ్ళు కూడా మొక్కుకోలేదు. పెరుమాళ్ మీద అసూయ పుట్టింది. చివరికి కాంపౌండరే చెవిలో చెప్పాడు, ఫలానా గేటు, ఫలానా గది అని. "మీరే చెయ్యిపట్టి తీసుకపోండి, తెలిసిందా? చెయ్యి వదిలితిరా, ఇటు పక్కకి పూడస్తాడు."

పూడస్తాడంటే పోతాడని, ఇటు పక్క అంటే సారాయి కొట్టు. గవర్నమెంటువారు నిషేధం ఎత్తేసి కొట్లు తెరిచిన దగ్గర్నుంచి అది ఇక్కడే, నేను కూర్చున్న బెంచీకి నాలుగిళ్ళ అవతల, ఉడకబెట్టిన గుడ్ల వాసనతో, మామిడికాయ ముక్కల వాసనతో, వాటికింద ఆ అసలు వాసనతో. హార్బరు వైపునుంచి ఉప్పుగాలి వచ్చినప్పుడు పోతుంది, గాలి ఆగినప్పుడు వచ్చి పక్కన కూర్చుంటుంది. నేను అటు తిరగడంలేదు. తిరగకపోయినా నా ఎడమ చెవి, ఎడమ భుజం, ఎడమ మోకాలు, ఎడమవైపు ఉన్న నా సగం మనిషి అక్కడే ఉన్నాడు, బల్లకు మోచేతులు ఆనించి. కుడివైపు సగం ఈ టీ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. గ్లాసు నా చేతిలో ఉంటే టీ మళ్ళీ పొయ్యి మీద పెట్టినట్టు తెర్లుతోంది. నేను పనిచేసే పప్పుల మండీలో గోతాం గుచ్చి పప్పు తీసి చూసే ఇనపగొట్టం కూడా ఇట్లాగే గలగలమంటోందని, కందిపప్పు తీసేవాడివా, వాయించేవాడివా అని సెట్టిగారు నిన్న నవ్వుతూనే అన్నారు, నవ్వుతూనే ఆ గొట్టం నా చేతిలోంచి తీసి పక్కవాడికి ఇచ్చారు. దానికి నేను కూడా నవ్వాను. మొన్న సాయంత్రం నుంచి చుక్క ముట్టలేదు, అందుకే వణుకు. ముడితే వణుకు పోతుంది. నాలుగిళ్ళ అవతల పోతుంది. ఇంత దగ్గర మందు పెట్టుకుని రోగంతో కూర్చున్న వెర్రివాడు ఇంకొకడు ఉంటాడా.

పొద్దున గోడమీద చీమలు కనిపించాయి. నల్లవి, బారులు తీరి, కిటికీ దగ్గర మొదలై దేవుడి గూటి కిందుగా పోతున్నాయి. అంత పెద్ద బారు ఎప్పుడూ చూడలేదు, వాటికి పల్లకీ ఒకటే తక్కువ, రాజలక్ష్మీ ఇటు రా చూడు అని పిలిచాను. మా ఆవిడ కుంటుకుంటూ వచ్చింది. "ఏడ?" అంది. ఇక్కడ అన్నాను. ఆమె గోడ తడిమింది. చీమలు ఆమె వేళ్ళ మీదుగా ఎక్కి, గాజుల సందులోంచి దిగి, వాటి దారిన అవి పోతున్నాయి, ఆమె వేళ్ళకు తెలియడంలేదు. రాజలక్ష్మి గోడవైపు చూడలేదు ఇక, నా ముఖం చూసింది. చూసి, లోపలికి పోయి చీపురు తెచ్చి, ఆ గోడంతా పైనుంచి కిందికి శ్రద్ధగా ఊడ్చింది. మూల కూడా వదలకుండా ఊడ్చింది. "పోయినయ్యా?" అని అడిగింది. పోలేదు. పోయినయ్ అన్నాను. నా జన్మలో నేను చెప్పిన అబద్ధాలన్నింటిలో సరదా లేనిది అదొక్కటే. లోపల గదిలో ఈ సంగతి చెబితే ఏం చేస్తారు? కీల్పాక్ పిచ్చాసుపత్రికి బండెక్కిస్తారు. చెప్పకపోతే? అక్కడ నిజమే చెప్పాలటగా. నిజం చెప్పి చెప్పి అలవాటున్నవాళ్ళకు అది సుళువు. నేను మా వీధిబడిలో పలక ఎందుకు తేలేదురా అంటే మొసలి మింగిందని చెప్పి, ఏ మొసలి అంటే ఎడమకన్ను మెల్ల ఉన్నది అని చెప్పి, అయ్యవారు నన్ను దూలానికి తాడుకట్టి వేలాడదీస్తే, వేలాడుతూ కూడా దాని పళ్ళు ఎన్నో చెప్పినవాణ్ణి. చేతులు పీకుతున్నాయి, కిందేమో పల్లేరుకాయలు పోశారు, తాడు వదిలితే వాటి మీద పడతాను. తాడు పట్టుకుని వదలకపోవడం నాకు అప్పటినుంచి వచ్చిన విద్య.

తాడు అన్నాను కాబట్టి చెబుతున్నా, ఆ తుఫాను రాత్రి నేను తెల్లవార్లూ తాడు పట్టుకుని వదలని మాట నిజం. అది ఓడ తాడు కాదు, మా నులకమంచం తాడు. మంచం కింద దూరి దాన్ని పట్టుకుని, పైన రేకులు ఎగిరిపోతుంటే ఒక్కొక్క రేకుకు ఒక్కొక్క దేవుణ్ణి పిలిచాను. దేవుళ్ళు అయిపోయారు, రేకులు ఇంకా ఉన్నాయి. ఎర్రగడ్డం కప్తాను ఎవరంటారా, మా మేక. అదీ నాతోపాటే మంచం కింద ఉంది. దండం పెట్టలేదు, నా పంచె నమిలింది. అది కూడా భయమేలెండి, కానీ అది సుఖమైన భయం, బయటినుంచి వచ్చింది, బయటికే పోయింది, పొద్దున్నే లేచి నవ్వుకున్నాం. ఇవాళ్టిది అట్లా కాదు. దీనికి గాలీ లేదు, వానా లేదు, ఇది నా చొక్కా జేబులో ఉంది, పొట్లం కట్టుకుని.

పొట్లంలో కర్పూరం. రాజలక్ష్మి దేవుడి గూట్లో పెట్టుకునే డబ్బాలోంచి తీశాను. కర్పూరం ఊరికే ఉంచితే గాలికి హరించుకుపోతుందని అందులో నాలుగు మిరియపుగింజలు వేసి ఉంచుతుంది ఆమె, మిరియాలతో సహా తెచ్చాను, అగ్గిపెట్టె కూడా తెచ్చాను. ఎందుకంటే తాగుడు మాన్పించే చోట ముందు ఒట్టు పెట్టిస్తారు కదా. ఒట్టంటే మావాళ్ళలో నోటిమాట కాదు. పళ్ళెంలో కర్పూరం వెలిగించి, ఒక చెయ్యి అయినవాళ్ళ తలమీద పెట్టి, మాట చెప్పి, మండుతున్న మంటను ఇంకో అరచేత్తో ఠక్కున కొట్టి ఆర్పాలి. ఆర్పాక ఆ మాట మనది కాదు, అమ్మవారిది. నేను ఒకసారి ఆర్పాను. రాజలక్ష్మి తలమీద చెయ్యి పెట్టి. ఆమె తల ఎంత చిన్నదో నాకు అప్పుడే తెలిసింది, తడి జుట్టు, నడుమ పాపిట, కుంకుమ నా వేలికి అంటింది. ఆ మాటమీద చాలా రోజులు నిలబడ్డాను. తరువాత మండీలో నాతో పనిచేసినవాడు ఒకడు పోయాడు, శవం ముందు డప్పులు, పూలు, శవాన్ని మోసేవాళ్ళందరికీ ఒక చోట గ్లాసులు, నేనూ మోసేవాణ్ణే కదా, తాగాను. ఇంటికి వచ్చి ఆమె ముఖం చూడలేదు. ఆ వారం దాటకుండానే చేతిపంపు దగ్గర బిందెతో పడింది రాజలక్ష్మి. తుంటి విరిగింది. మంచంలో పడుకోబెట్టి ఇటుకలు కట్టి వేలాడదీసినప్పుడు ఆ కాలు చూసి నాకు నా బడి గుర్తొచ్చింది, దూలం గుర్తొచ్చింది, అబద్ధం చెప్పింది నేను, వేలాడింది ఆమె. ఏడిస్తే తిట్టింది. "పాచి పట్టిన రాయిమీద జారితినయ్యా, నీ ఒట్టుమీద గాదు. ఆ రాయి కాస్త రుద్దిపెట్టమని ఎన్నిదినాలు మొత్తుకొంటి? దానికి ఏడువు, పో." రాయి రుద్దాను. తరువాత రోజూ రుద్దాను, అద్దంలా చేశాను, ఇప్పుడు దానిమీద నీళ్ళు కూడా జారిపడతాయి. కానీ ఆమె ఎప్పుడు ఆ కాలు ఈడ్చుకుంటూ వంటింట్లోంచి వచ్చినా, ఆ చప్పుడు, ఒక అడుగు గట్టిగా ఒక అడుగు మెత్తగా, అది నా మాట నడిచివస్తున్న చప్పుడే.

అందుకే మొన్న అంత భయపడ్డాను. మా కస్తూరి పురిటికి వచ్చి ఉంది. ఒక్కతే కూతురు, అల్లుడికి అంబత్తూరు ఫ్యాక్టరీలో పని, నెలలు నిండుతున్నాయి. మొన్న దీపాల వేళ నేను రోజూ ఎట్లా తూలుతూ వస్తానో అట్లాగే వచ్చాను, కాళ్ళు కడుక్కుంటున్నాను, అది పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని వచ్చి నా ఎదుట నిలబడింది. నా కుడిచెయ్యి తీసుకుని తన కడుపుమీద పెట్టుకుంది. "ఈడ చెయ్యి పెట్టి చెప్పు నయినా. ఇంక తాగనని చెప్పి ఆర్పు." మంట దాని గడ్డం కింద వెలుగుతోంది. నువ్వు వెయ్యి చెబుతావు నయినా, వింటానికి బాగుంటాయి, పచ్చిబిడ్డను పెట్టుకొని నీ కతలమీద బతకలేను అంది. చిన్నప్పుడు నన్ను తాగొచ్చి పైకి ఎగరేసేవాడివి, పట్టుకునేవాడివి, ఒక్కసారన్నా పట్టుకోకపోయుంటే అని ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తది అంది. నేను నోరు తెరిచాను. మాట నాలుకమీదికి వచ్చింది కూడా. అప్పుడు నా అరచేతికింద లోపలినుంచి తన్నింది ఆ బిడ్డ. చిన్న మడమ అయ్యుండాలి, చేపపిల్ల తోక విదిలించినట్టు. అది నన్ను చూసింది, అట్లా అనిపించింది, ఇంకా కళ్ళు తెరవని ఆ బిడ్డ చెయ్యి ఎవరిదో చూసుకుంది. నేను చెయ్యి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా వీధిలోకి పరుగెత్తాను. వెనకనుంచి కస్తూరి గొంతు వినిపించింది, ఏడవలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "శుక్రవారం ఆయన వస్తాడు. నువ్వు ఒట్టు పెట్టకుంటే నేను అంబత్తూరుకి పూడస్తా. కానుపు ఆడనే. బిడ్డను చూసేదానికి నువ్వు రావద్దు." రేపే శుక్రవారం.

ఒట్టు పెట్టకపోతే బిడ్డ నాకు దక్కదు. ఒట్టు పెట్టి తప్పితే బిడ్డ ఎవరికీ దక్కదు. ఆ రెండింటి నడుమ దూరడానికి నేను ఒక సందు కనిపెట్టాను. ఎవరి తలమీదా పెట్టను, నా తలమీదే పెట్టుకుంటాను, అదీ ఈ చర్చి బడిలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు. మా కర్పూరం, వాళ్ళ గది. ఒకవేళ తప్పాననుకోండి, ఇది నా పరిధిలోది కాదని అమ్మవారు అటు తోస్తుంది, కర్పూరం మాది కాదు కదా అని ఏసుస్వామి ఇటు తోస్తాడు, ఇద్దరూ మర్యాదస్తులు, తేల్చుకునేలోపల నా కాలం గడిచిపోతుంది. ఇంటికి పోయి, ఒట్టు పెట్టేశానమ్మా, కర్పూరం ఆర్పే వచ్చాను, ఇదిగో మసి, అని అరచెయ్యి చూపిస్తాను. ఎంత బాగా ఆలోచించాను. ఎంత బాగా ఆలోచించినా కాళ్ళు లేవవు. జేబుమీద చెయ్యి పెట్టుకుంటే పొట్లం నిన్నటికంటే తేలికగా ఉంది. గేటు పక్క దీపస్తంభం వెలిగింది. చేపల లారీ ఒకటి ఉప్పునీళ్ళు కారుస్తూ పోయింది. చర్చి వెనక కిటికీ పసుప్పచ్చగా అయింది. వాళ్ళు వచ్చేశారు. ఎడమవైపు వాసన లేచి నిలబడి నా భుజం తట్టింది.

"ఏం పెద్దాయనా, మీ పెరుమాళ్ ఇయాళ గూడా రాలేదా?" లూర్దుమేరి. గేటు పక్కన కొవ్వొత్తులు అమ్ముకుంటుంది, బడిగదులు ఊడ్చేది కూడా ఆమే, టీకి రోడ్డు దాటి ఇటు వస్తుంది. నిన్న ఇదే బెంచీమీద ఆమెకు పెరుమాళ్ కథ గొడుగుతో సహా చెప్పాను.

"వస్తాడు. బస్సు దొరికుండదు."

"నిన్న జొరం అంటిరి."

"ఆ జొరంతోనే బస్సు ఎక్కబోయి ఎక్కలేకపోయాడు."

"పాపం. జొరం వానికి, వణుకు మీకా?" గ్లాసు వైపు చూసింది, నవ్వలేదు. నా పక్కన కూర్చుని బుట్ట ఒళ్ళో పెట్టుకుని కాసేపు టీ ఊదుకుంది. "మా ఇంటాయన గూడా ఈడనే కూసునేవాడు. ఇదే బెంచి. ఆ లైటు పడినాక లేస్తా అనేవాడు. దినమూ ఆ లైటు చూసేవాడు."

దాటాడా అని అడిగాను.

"లేచినాడు. ఇటుపక్కకి." సారాయి కొట్టు వైపు గడ్డంతో చూపించింది. ఆమె కట్టుకున్న తెల్లచీర అప్పుడు చూశాను. గ్లాసు దించి, బుట్ట తీసి నా ఒళ్ళో పెట్టింది. "నా నడుము పట్టేసింది సామీ. దీన్ని గేటుదాకా పట్టుకోండి, ఏమనుకోకుండా."

అందులో పట్టుమని పది కొవ్వొత్తులు లేవు. అయినా బుట్ట మోస్తున్న మనిషి పారిపోలేడు కదా, పారిపోతే దొంగ అవుతాడు. నేను అబద్ధాలకోరునే కానీ దొంగను కాను. రోడ్డు దాటాను. ఆమె ముందు నడుస్తోంది, నేను వెనక, గేటు దాటింది, ఆగలేదు, చర్చి దాటింది, ఆగలేదు, అమ్మా గేటుదాకా అన్నావే అనబోయేలోపల ఆమె చివరిగది తలుపు తోసి, బుట్ట నా చేతుల్లోంచి తీసుకుని, నన్ను అక్కడ వదిలేసి పోయింది.

గదిలో ఒకటో తరగతి బెంచీలు. మోకాళ్ళు గడ్డానికి తగిలేంత పొట్టివి. నల్లబల్లమీద పొద్దున పిల్లలకు దిద్దబెట్టిన అక్షరాలు ఇంకా ఉన్నాయి. ఆ బెంచీల మీద పెద్ద పెద్ద మీసాల మనుషులు, బట్టతలల మనుషులు మోకాళ్ళు ముడుచుకుని పరీక్షకు వచ్చినట్టు కూర్చుని ఉన్నారు. నేను ముందు దూలం వైపు చూశాను, తాడు ఉందేమోనని. బల్ల దగ్గర కూర్చున్నాయన లేచాడు, హార్బరులో క్రేను నడుపుతాడట, ఆనందన్. "వాంగయ్యా, వాంగ, రండి. ఏ బెంచీ అయినా మీదే. పేరు చెబితే చాలు, ఊరూ ఇల్లూ ఏదీ వద్దు. ఈడ విన్నది ఈడనే." నేను నిలబడే చెప్పాను, గోవిందస్వామి, కానీ నేను నాకోసం రాలేదు, మా తమ్ముడి కొడుకు పెరుమాళ్ అని ఒకడున్నాడు, చెట్టంత మనిషి. ఎవరూ నవ్వలేదు. ఆనందన్ వంగి ఒక ఖాళీ బెంచీ లాగి నా ఎదుట ఉన్న బెంచీ పక్కన వేశాడు. "అతన్నీ కూసోబెట్టండి. బయట ఎందుకు, దోమలు." వెనకనుంచి ఎవరో, "నేను మొదట మా బామ్మర్దిని పిలచకొస్తిని. ఇంకా ఈడనే ఉండాడు," అని తన గుండెమీద తట్టుకున్నాడు. అప్పుడు నవ్వారు, అందరూ, తమను చూసుకుని తామే నవ్వుకున్నట్టు, మంచి వర్షం పడ్డట్టు నవ్వారు.

నేను కూర్చున్నాను. పెరుమాళ్ కూడా కూర్చున్నాడు. గొడుగు కథ చెబుదామని నోరు తెరిచాను. "పెరుమాళ్‌కు గోడమీద చీమలు కనిపిస్తున్నాయి," అన్నాను. నేను అనలేదు, నోరు అంది. ఇక బండి పిలుస్తారు. తలుపు ఎంత దూరమో చూసుకున్నాను. ఆనందన్ ముందుకు వంగాడు.

"నల్లవా, ఎర్రవా?"

"నల్లవి."

"నాకు ఎర్రవి వచ్చేవి," అన్నాడు, వాళ్ళ ఊరి వంకాయల సంగతి చెప్పినట్టు. "దానికి డాక్టరు ఉండాడు, మందు ఉంది. ఇట్లాంటిది ఒక్కరే ఓర్చుకోగూడదు. ఈడనుంచి నేరుగా పోదాం, నేను తోడు వస్తా." ఇంకొకాయన తనకు బల్లులు అన్నాడు. వాళ్ళు మాట్లాడుకుంటుంటే నేను పక్క బెంచీ వైపు చూశాను, అక్కడ ఎవరూ లేరు. గొడుగు ఇచ్చి వచ్చిన ఆ పిచ్చివాడు, మంగ అంబలి మొక్కుకున్నవాడు, లేడు. వాడి చోట ఇప్పుడు నేనే ఉన్నాను. "నాకే," అన్నాను. "నాకే కనిపిస్తున్నాయి."

ఒట్టు వేళ అయిందని లేచి జేబులోంచి పొట్లం తీశాను. బల్లమీద విప్పాను. కాగితంలో నాలుగు మిరియపుగింజలు ఉన్నాయి. కర్పూరం లేదు. వాసన ఒక్కటే ఉంది. నా జేబులో, నా గుండెవేడికి, మిరియాలను కూడా లెక్కచెయ్యకుండా మొత్తం హరించుకుపోయింది. గదిలోవాళ్ళంతా లేచి వచ్చి చూశారు, ఆశ్చర్యపోయారు. ఒట్టు లేకుండా ఎట్లా అని అడిగాను. ఈడ ఒట్టు లేదయ్యా అన్నాడు ఆనందన్, మేమందరం ఒట్లు పెట్టి పెట్టి వచ్చినవాళ్ళమే. "ఇయాళ తాగొద్దు. అంతే. రేపటిది రేపు, రేపు మళ్ళా రండి." నాకు తేలికపడిందనుకుంటున్నారేమో, కాదు, ఎన్నడూ లేని భయం వేసింది. ఒట్టయితే ఒక్క దెబ్బకు మంట ఆరిపోతుంది, మాట అమ్మవారి మెడకు వేసి మనం చేతులు దులుపుకోవచ్చు. ఇక్కడ మాట నా చేతిలోనే పెట్టి పంపుతున్నారు, ఆరకుండా, రోజూ.

డాక్టరు సూదివేసి మాత్రలు ఇచ్చాడు. ఇంటికి వచ్చి కస్తూరితో చెప్పాను, ఒట్టు పెట్టలేదమ్మా, వాళ్ళు పెట్టించుకోలేదు, ఇవాళ తాగలేదు, రేపు సాయంత్రం మళ్ళీ పోతాను. దానికి కథ కలపలేదు. అది నా నోరు వాసన చూసినంత దగ్గరగా వచ్చి నిలబడి చాలాసేపు చూసింది. మర్నాడు అల్లుడు వచ్చాడు, పెట్టె సర్దే ఉంది. "ఇయాళ పోనులే," అంది కస్తూరి. "రేపటిది రేపు చూస్తాం." ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. అట్లా రోజూ పెట్టె గుమ్మం పక్కనే ఉంది, రోజూ నేను పొద్దున లేవగానే ముందు ఆ పెట్టెను చూసుకున్నాను, ఉందా అని, ఉంది, ఇవాళ్టికి ఉంది. చీమలు వారానికి గాని పోలేదు. పోయాక కూడా రాజలక్ష్మి అప్పుడప్పుడు ఆ గోడ ఊడ్చేది.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. చీమలు నిజం, పెరుమాళ్‌కు వేసిన బెంచీ నిజం, లూర్దుమేరి తెల్లచీర నిజం. కర్పూరం హరించుకుపోయిందన్నానే, అది నేను కల్పించాను. అది చక్కగా, మిరియాల మధ్యన, పెట్టింది పెట్టినట్టే ఉంది. నేనే దాన్ని బల్లమీద పెట్టి, మీకు దండం పెడతాను, నాచేత ఒట్టు పెట్టించండి అని ఏడ్చాను, అగ్గిపుల్ల గీస్తే చేతుల వణుకుకు వెలగలేదు, మళ్ళీ గీశాను, వెలగలేదు. ఆనందన్ అగ్గిపెట్టె తీసుకుని, పొట్లం మళ్ళీ కట్టి, నా జేబులో పెట్టి, బడికి పోయే పిల్లవాడికి పెట్టినట్టు బొత్తాం పెట్టాడు. ఏడ్చింది చెప్పుకోవడం కంటే కర్పూరం మాయమైందని చెప్పుకోవడం బాగుంటుందని అట్లా చెప్పాను. ఆ కర్పూరమే, కస్తూరి మా ఇంట్లోనే ఉండి ఆస్పత్రికి పోయి ఆడపిల్లను ఎత్తుకుని వచ్చి గుమ్మంలో నిలబడినప్పుడు, రాజలక్ష్మి మిరియాలు ఏరి పక్కన పెట్టి, ఎర్రనీళ్ళ పళ్ళెంలో తమలపాకుమీద పెట్టి వెలిగించింది. తన కాలు నొప్పి అని పళ్ళెం నాకిచ్చింది, హారతి నన్నే తిప్పమంది. తిప్పాను. తిప్పడం అయ్యాక నా కుడిచెయ్యి ఒట్టుకు ఆర్పబోయినట్టు మంటమీదికి లేచింది. కస్తూరి చూసింది. నేను చెయ్యి దించుకున్నాను. మంట తనంతట తనే ఆరిపోయేదాకా అందరం ఆ గుమ్మంలోనే నిలబడ్డాం.